దిమ్మె మీది అక్షరం: 'పాతకాలం' ఎవరి కాలం?

సాహిత్యంలో వస్తువు గురించీ రూపం గురించీ దళిత విమర్శ చాలానే మాట్లాడింది. భాష ఎవరిది, ఛందస్సు ఎవరిది, పీఠాల మీద కూచున్నదెవరు అని నిలదీసింది. కానీ ఆ సాహిత్యం ఏ అక్షరంలో అచ్చవుతున్నదో ఆ అక్షరం గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు. అది ప్రెస్సు వాళ్ల వ్యవహారం, కంప్యూటర్ ముందు కూచున్న కుర్రాడి వ్యవహారం అనుకున్నాం. పుస్తకం చేతికొచ్చాక అట్ట మీద బొమ్మ చూస్తాం, లోపల అచ్చుతప్పులు వెతుకుతాం. అక్షరం మొహం ఎట్లా ఉందో చూడం. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మా తరమే. చదవటం రావటమే గొప్పయిన చోట అక్షరం అందం గురించి ముచ్చట్లు దండగని మాకూ అనిపించేది. ఇప్పుడు అట్లా అనిపించటం లేదు. ఎందుకో చెప్పటానికే ఈ వ్యాసం.

ఆ మధ్య దళితుల మీద దాడుల గురించి ఒక సెమినార్ పెట్టుకున్నాం. పోస్టర్ తయారుచేసే పని ఒక మిత్రుడు తీసుకున్నాడు. రెండు రోజుల్లో నమూనా తెచ్చి చూపించాడు. గోధుమరంగు కాగితం. దాని అంచులు కాలినట్టు నల్లగా ఉన్నాయి. పైన ఇంగ్లీషు శీర్షిక లావుపాటి దిమ్మె అక్షరాల్లో ఉంది. కౌబాయ్ సినిమాల్లో దొంగని పట్టిస్తే బహుమానం అని గోడకు కొట్టే కాగితం ఉంటుంది గదా, అచ్చం అట్లా. "వింటేజ్ లుక్ అన్నా, పాతకాలం లాగా బాగుంటుంది" అన్నాడు. అతనిది చెడ్డ ఉద్దేశం కాదు. ఇప్పుడు కాఫీ దుకాణం బోర్డు నించి బట్టల అట్టపెట్టె దాకా అంతటా అదే అక్షరం కనపడుతున్నది. అతనూ అదే తెచ్చాడు. కానీ మేం ఆ మాట దగ్గర ఆగిపోయాం. పాతకాలం ఎవరికి బాగుంటుంది?

అక్షరానికి పాదం

ఇంగ్లీషు అచ్చక్షరాల్లో గీత చివర చిన్న పాదం ఉన్నవి, లేనివి అని రెండు పెద్ద తెగలున్నాయి. ఆ పాదాన్ని సెరిఫ్ అంటారు. మామూలు పుస్తకాల్లో అది సన్నగా మొన తేలి ఉంటుంది. ఆ పాదాన్నే లావు చేసి, దాదాపు నిలువు గీతంత మందం చేసి, కింద పలకలాగా పరిస్తే అది స్లాబ్ సెరిఫ్. స్లాబు అంటే ఏందో మనకెవరూ చెప్పక్కర్లేదు. మా పల్లెల్లో పూరిల్లు పోయి స్లాబు ఇల్లు లేచిందంటే ఆ మనిషి లెక్క మారిందని అర్థం. గాలివానకి కప్పు ఎగిరిపోదు. ఎవడన్నా నిప్పు పెడితే అంటుకోదు. వాడలు తగలబడిన చరిత్ర తెలిసిన వాళ్లకి స్లాబు అంటే ఒట్టి సిమెంటు పలక కాదు.

ఈ జాతి అక్షరాల్లో బాగా పేరు మోసింది క్లారెండన్. దీని గుణాలు నాలుగు చెప్పుకోవచ్చు. ఒకటి, లావు గీతకీ సన్న గీతకీ తేడా తక్కువ. రెండు, పాదం నిలువు గీతకి ఠపీమని అతకదు, చిన్న వంపు తిరిగి కలుస్తుంది. మూడు, పెద్దబడి అక్షరాల పక్కన చిన్నబడి అక్షరాలు పొట్టిగా ఉండవు, బాగా ఎత్తుంటాయి. నాలుగు, కొన్ని చిన్నబడి అక్షరాల కొసల్లో గుండ్రటి బొట్టు ఉంటుంది. ఈ బొట్టూ ఆ వంపూ లేకపోతే అది మరీ మొరటుగా ఉండేది. అవి ఉండటం వల్ల బలం ఉన్నా చిరాకు పడని మనిషిలాగా కనపడుతుంది. చవక కాగితం మీద సిరా పులిమినా గీత చెదరదు. దూరాన్నించి చదవొచ్చు.

దీన్ని ఒక్క మాటలో చెప్పమంటే మేం దండోరా అంటాం. మా ఊళ్లల్లో డప్పు కొట్టి చాటింపు వేసింది మాదిగోళ్లు. గొంతు వాళ్లది, చెయ్యి వాళ్లది, ఆజ్ఞ మాత్రం ఊరి పెద్దది. లావక్షరం కూడా అట్లాంటిదే. అది పిలుస్తుంది, నలుగురినీ ఆపుతుంది. ఎవరి మాట చాటుతున్నదన్నది అక్షరాన్ని చూస్తే తెలియదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగలు ఉద్యమం మొదలుపెట్టినప్పుడు దానికి దండోరా అనే పేరు పడింది. అదే డప్పు, అదే చాటింపు. కానీ అప్పటి నించీ చాటించేదీ వాళ్లే, చాటింపులోని మాటా వాళ్లదే. ఇంగ్లీషు లావక్షరం చరిత్రలో ఇట్లాంటి మలుపు ఉందా అన్నదే మా ప్రశ్న.

సంతలో పుట్టిన అక్షరం

ఈ అక్షరం ఏ గుళ్లోనో గ్రంథంలోనో పుట్టలేదు, సంతలో పుట్టింది. 1815 ప్రాంతంలో లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే అచ్చక్షరాల పోతదారు దీన్ని 'యాంటిక్' పేరుతో అమ్మకానికి పెట్టాడు. అంటే 'పాతది' అన్నమాట. ఇక్కడే ఒక తమాషా ఉంది. అప్పటికి ఈ అక్షరం సరికొత్తది. ఫ్యాక్టరీలు, లాటరీలు, నాటకాలు, రంగురంగుల సరుకులు పెరిగి, గోడ మీద కాగితాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్న కాలం అది. ఆ తోపులాటలో నెగ్గటానికి లావైన అక్షరానికి పుట్టిన రోజే 'పురాతనం' అని పేరుపెట్టారు. ఇంకొందరు దీన్ని 'ఈజిప్షియన్' అన్నారు. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీద దండెత్తిన తర్వాత యూరప్‌లో ఆ దేశం పిచ్చి పట్టుకుంది. పిరమిడ్ల బరువు, రాతి దిమ్మెల మందం ఈ అక్షరంలో చూసుకున్నారు. ఇంతకీ ఆ పేరు కూడా నిలకడగా లేదు. 1816లో కాస్లన్ పోతశాల 'ఈజిప్షియన్' అని అమ్మింది అసలు పాదాలే లేని అక్షరం. ఈజిప్టు వాళ్లకి వీటిల్లో దేనితోనూ సంబంధం లేదు. ఇంకొకరి చరిత్రని పేరుగా తగిలించుకుని సరుకు అమ్ముకోవటం అప్పటికే వచ్చేసింది.

1845లో లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ పోతశాలలో రాబర్ట్ బెస్లీ క్లారెండన్‌ని తెచ్చాడు. ఉక్కు అచ్చులు చెక్కిన మనిషి బెంజమిన్ ఫాక్స్. పేరు ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రెస్ నించి తీసుకున్నారు. చట్టం కింద నమోదు చేయిస్తే మూడేళ్ల రక్షణ దొరికింది. ఆ మూడేళ్లు తీరగానే అందరూ నకలు కొట్టుకున్నారు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అంతకుముందు పేరాలో ఒక మాటను ఎత్తి చూపాలంటే వాలు అక్షరాలో పెద్దబడి అక్షరాలో వాడేవాళ్లు. మామూలు అక్షరం పక్కనే అదే ఎత్తులో లావు అక్షరం నిలబడి మాటను చూపించే పద్ధతిని స్థిరపరిచింది క్లారెండనే. నిఘంటువుల్లో ఆరోపం లావుగా ఉంటుందే, ఆ అలవాటు దీని చలవే. ఏ మాట వెతకదగింది, ఏ మాట దాని వివరణలో కలిసిపోదగింది అని తేల్చే పని కూడా లావక్షరం చేతికొచ్చింది.

మనుషుల్ని అమ్మిన కాగితాలు

ఈ అక్షరం నిజంగా పెద్దదయింది అమెరికాలో. సీసంతో మరీ పెద్ద అక్షరాలు పోస్తే బరువెక్కుతాయి, ఖరీదెక్కుతాయి, చల్లారేటప్పుడు పగుళ్లిస్తాయి. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్కను యంత్రంతో తొలిచి అక్షరాలు చేసే పద్ధతి కనిపెట్టాడు. మరుసటి ఏడే అమ్మకానికి నమూనాలు వేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఒకే నమూనా నించి చిన్నా పెద్దా అన్ని కొలతలూ తీసే ఏర్పాటును దానికి జోడించాడు. దాంతో గోడంత కాగితానికి గోడంత అక్షరం చవగ్గా దొరికింది.

ఆ కాగితాల మీద ఏముంది? నాటకాలున్నాయి, సర్కస్‌లున్నాయి, ఓడలు బయలుదేరే రోజులున్నాయి. వీటితోపాటు మనుషుల అమ్మకాలున్నాయి. ఫలానా రోజున ఫలానా చోట ఇంతమంది నీగ్రోలు, వయసులు ఇవి, వచ్చిన పనులు ఇవి, వేలం. గుర్రాల్ని అమ్మే కాగితానికీ మనుషుల్ని అమ్మే కాగితానికీ ప్రెస్సులో వేరే అరలు లేవు. అవే లావక్షరాలు ఒక పూట గుర్రం కోసం, ఒక పూట తల్లీబిడ్డల కోసం చట్రంలో ఎక్కినాయి. పారిపోయిన బానిసల గురించి పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి. దాని పక్కన భుజాన మూటతో పరిగెత్తే ఒక చిన్న బొమ్మ వేసేవాళ్లు. ఆ బొమ్మను అక్షరాల పోతశాలలే తయారుగా అమ్మినాయి. పారిపోయింది ఎవరైనా, ఏ ఊరైనా, ఏ వయసైనా బొమ్మ అదే. మూస పలకకి అచ్చుపనిలో స్టీరియోటైప్ అని పేరు. ఆ మాటను మనుషుల గురించిన మూస అభిప్రాయానికి వాడటం 1922లో వాల్టర్ లిప్‌మన్ రాసిన పుస్తకంతో స్థిరపడింది. మనం సెమినార్లలో రోజూ వాడే ఈ మాటకు ఇనప తొడుగులో పుట్టిన చరిత్ర ఉందని మరిచిపోతాం.

ఇప్పుడు మలుపు చూడండి. 1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. ఉత్తరాది రాష్ట్రాలకి పారిపోయి వచ్చినవాళ్లని పట్టి యజమానులకి అప్పగించాలి. 1851 ఏప్రిల్‌లో బోస్టన్‌లో థామస్ సిమ్స్ అనే నల్ల యువకుణ్ణి పట్టుకుని జార్జియాకి తిప్పి పంపారు. ఆ నెల 24 తేదీతో బోస్టన్ గోడల మీద ఒక కాగితం వెలిసింది. ఊళ్లోని నల్లవాళ్లందరికీ హెచ్చరిక: పోలీసులు ఇప్పుడు బానిసల్ని పట్టేవాళ్ల పని చేస్తున్నారు, వాళ్లతో మాట్లాడొద్దు, కళ్లు తెరుచుకుని ఉండండి. రాసింది థియడోర్ పార్కర్ అనే మతబోధకుడని చరిత్రకారులు చెప్తారు. ఆ కాగితం అక్షరాలు ఎట్లా ఉన్నాయి? వేలం కాగితం లాగానే ఉన్నాయి. లావు, నలుపు, వరసకో కొలత, నడి వీధిలో మనిషిని ఆపే అరుపు.

అక్షరానికి కులం లేదు గదా అని మిత్రులు ఇక్కడే అంటారు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పని చేస్తుంది అంటారు. సగం నిజమే. కానీ ఆ రెండు కాగితాల మధ్య మారింది ఒట్టి చెయ్యి మాత్రమే కాదు, వ్యాకరణం మారింది. వేలం కాగితంలో నల్ల మనిషి 'వాడు', 'అది'. మాట అతని గురించే గాని అతనితో కాదు. చదివేవాడు కొనుగోలుదారు. బోస్టన్ కాగితంలో అదే మనిషి 'మీరు'. మొదటిసారి లావక్షరం అతని వైపు తిరిగి మాట్లాడింది. అయినా మాట్లాడింది తెల్ల మనిషే. 'నేను' అనటానికి సొంత అచ్చు కావాలి. ఆ సంగతి ఫ్రెడరిక్ డగ్లస్‌కి అంతకుముందే తెలుసు. బానిసత్వం నించి తప్పించుకు వచ్చిన ఆయన 1847 డిసెంబర్‌లో రోచెస్టర్‌లో 'నార్త్ స్టార్' అనే సొంత పత్రిక పెట్టాడు. తెల్ల మిత్రులు కొందరు వద్దన్నా పెట్టాడు. మనకూ ఈ కథ కొత్తేం కాదు. లాహోర్‌లో జాత్‌పాత్ తోడక్ మండల్ సభ రద్దయితే, 1936లో అంబేద్కర్ తన ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చువేసుకున్నాడు. 'కుల నిర్మూలన' మనకు అట్లా దక్కింది.

తోలు, జిగురు, చెరకు మడ్డి

అక్షరం ఆకారం గురించి రాసే పెద్దలు దాని గీతల నాజూకు గురించి పేజీలు రాస్తారు. సిరా ఎట్లా అంటిందో రాయరు. ఫిగ్గిన్స్ కాలం దాకా అచ్చక్షరాల మీద సిరా అద్దింది తోలు బంతులతో. లోపల ఉన్నో వెంట్రుకలో కూరి, పైన తోలు బిగించి, పిడి పెట్టిన బంతులు. ఆ తోలును ఎవరో ఒలిచారు, ఎవరో ఊనారు, రోజూ నానబెట్టి మెత్తబరిచారు. సరిగ్గా ఈ లావక్షరాలు పుట్టిన 1810లలోనే ఆ బంతులు పోయి రోలర్లు వచ్చినాయి. ఆ రోలర్లు దేనితో చేశారు? పశువుల చర్మాలూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన జిగురు, దాంట్లో చెరకు మడ్డి. మడ్డి అంటే పంచదార బట్టీల్లో మిగిలే నల్లటి పాకం. ఆనాడు లండన్‌కి పంచదార కరీబియన్ దీవుల్లో బానిసల చెమటతో వచ్చేది. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించింది గాని, తోటల్లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833 దాకా రాలేదు.

అంటే లావక్షరం నునుపుగా అచ్చుపడటం వెనక తోలు పనివాడు ఉన్నాడు, చెరకు తోటలో బానిస ఉన్నాడు. మేం ఇది ఉత్ప్రేక్షగా చెప్పటం లేదు. ప్రెస్సులో వాడిన సరుకు లెక్క చెప్తున్నాం. మన దగ్గర చర్మం ఊనే పనిని అంటరాని పని అన్నారు, అది లేకుండా నడవని అచ్చునీ చదువునీ పవిత్రం అన్నారు. అక్షర సౌందర్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా కలిపి మాట్లాడాలని మా కోరిక.

'వింటేజ్' అనే జ్ఞాపకం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ అక్షరం మొరటుదయిపోయింది. తర్వాత రెండు రకాలుగా తిరిగొచ్చింది. ఒకటి, యంత్ర యుగపు నున్నటి రూపం. జర్మనీలో 1929లో రుడాల్ఫ్ వూల్ఫ్ గీసిన 'మెంఫిస్', ఇంగ్లండ్‌లో 1934లో వచ్చిన 'రాక్‌వెల్' అట్లాంటివి. రెండోది పాతకాలం మీద బెంగ. 1938లో రాబర్ట్ హార్లింగ్ 'ప్లేబిల్' అనే అక్షరాన్ని చేశాడు. పాదాలు నిలువు గీతలకంటే లావుగా ఉండి, పాత నాటకాల కాగితాల్ని గుర్తుచేస్తుంది. 1953లో హెర్మన్ ఐడెన్‌బెంజ్ క్లారెండన్‌ని స్విట్జర్లాండ్‌లో తిరగ గీశాడు. 1955లో అమెరికాలో ఫ్రీమన్ క్రా తన క్లారెండన్ తెచ్చాడు. 1969లో రాబ్ రాయ్ కెల్లీ అమెరికా చెక్క అక్షరాల చరిత్ర రాసి, మూలపడ్డ వాటికి మళ్లీ గౌరవం తెచ్చాడు. ఈ పనిని మేం తక్కువ చేయం. ఆ శ్రమ లేకపోతే ఈ వ్యాసానికి ఆధారమే ఉండేది కాదు.

మా అభ్యంతరం దుకాణం వాడి జ్ఞాపకం మీద. 'వింటేజ్' అని అమ్మే జ్ఞాపకంలో పడమటి అమెరికా ఉంటుంది. గుర్రం, టోపీ, సారా దుకాణం ఉంటాయి. ఆ పశువుల్ని తోలిన వాళ్లలో నల్ల కౌబాయ్‌లు చాలామంది ఉన్నారు గాని జ్ఞాపకంలో లేరు. నేల పోగొట్టుకున్న ఆదివాసులు శత్రువులుగా తప్ప లేరు. వేలం కాగితం అసలే లేదు. ఆ సినిమా మన దాకా కూడా వచ్చింది. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'తో తెలుగులోనూ కౌబాయ్ పుట్టాడు. కాలం గడిచేకొద్దీ రంగు మిగిలింది, రక్తం పోయింది. పాత కాగితం గోధుమరంగు ఒట్టి అలంకారం అయింది.

మా నాయనమ్మని మంచి కాలం ఏదమ్మా అని అడిగితే ఎప్పుడూ వెనక్కి చూపించలేదు. చెప్పులు చేత పట్టుకుని ఊళ్లో వీధి దాటిన కాలం ఆమెకి 'వింటేజ్' కాదు. పాతకాలం బాగుంటుందన్న మాటలో ఎప్పుడూ ఎవరో ఒకరి ఇల్లు ఉంటుంది. ఆ ఇల్లు ఏ వీధిలో ఉండేదో అడగటం విమర్శ పని.

ట్రంకు పెట్టెలో అక్షరం

మాకు ఈ అక్షరం మొదట పరిచయమైంది పోస్టర్లో కాదు, ఇంట్లో ట్రంకు పెట్టెలో. టైపు మిషను అక్షరాలూ ఈ జాతివే. మిషనులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు చోటు ఇస్తారు. ఇంగ్లీషు 'ఐ' సన్నగా ఉంటుంది, 'ఎమ్' వెడల్పుగా ఉంటుంది. సన్న అక్షరం పక్కన ఖాళీ కనపడకుండా దానికి పొడుగాటి దిమ్మె పాదాలు తగిలిస్తారు. ఐబీఎమ్ కోసం 1950లలో హోవర్డ్ కెట్లర్ గీసిన 'కొరియర్' ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ. మన దేశంలో గోద్రెజ్ కంపెనీ 1955లో టైపు మిషన్లు చేయటం మొదలుపెట్టింది. 2011 నాటికి ఆ తయారీ ఆగిపోయింది. ఆ మధ్య కాలమంతా కోర్టు, పోలీసు స్టేషను, తాలూకాఫీసు మాట్లాడిన ఇంగ్లీషు ఈ అక్షరంలోనే మాట్లాడింది.

నాయన దాచిన పెట్టెలో ఒక భూమి తగాదా కాగితాలున్నాయి. మా తాత పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. ఒక దాంట్లో ఇంటిపేరు లేదు, కులం మాత్రం ఉంది. కులం స్పెల్లింగు మూడింటిలోనూ తప్పు లేదు. అప్పటి ఆ కార్యాలయం గుమాస్తాకి మా తాత ఎవరో తెలియాల్సిన అవసరం లేదు, ఏమిటో తెలిస్తే చాలు. ఆ పేర్ల తేడాని సరిచేయించటానికి నాయన తిరిగిన తిరుగుళ్లు మాకు గుర్తున్నాయి. ఇక్కడా అదే వ్యాకరణం. మా వాళ్లు ఆ అక్షరంలో 'అతను', 'సదరు వ్యక్తి', 'ప్రతివాది'.

అయితే ఆ అక్షరం దగ్గరికి మా వాళ్లు రెండో దారిలో కూడా వెళ్లారు. ఇంటర్ అయిపోయిన పిల్లలు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరటం మా వాడల్లో ఒక ఆచారంగా ఉండేది. లోయరు పాసవ్వాలి, హయ్యరు పాసవ్వాలి, సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ పడితే కాగితం పెట్టాలి. మా అన్న తెల్లారుజామున ఆరింటి బ్యాచికి సైకిలు మీద పోయేవాడు. రిజర్వేషన్‌లో వచ్చిన టైపిస్టు ఉద్యోగాలతో లేచిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాటి స్లాబుల కింద ఈ దిమ్మె అక్షరాలున్నాయి. అక్షరం మమ్మల్ని 'సదరు వ్యక్తి' చేసింది, దాని మీట మీద వేలు పెట్టే చోటూ ఇచ్చింది. కానీ మీట నొక్కినవాడు తన మాట టైపు చేయలేదు. పైవాడు చెప్పిన మాటే టైపు చేశాడు. మళ్లీ దండోరానే.

'నేను' అన్న కాగితం

జర్మన్ అక్షరానికి పెట్టిన మెంఫిస్ అనే పేరు పాత ఈజిప్టు నగరానిది. ఆ పేరుతోనే అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో ఒక ఊరుంది. 1968 ఫిబ్రవరి 1న అక్కడ వానలో చెత్త లారీ వెనక తలదాచుకున్న ఇద్దరు నల్ల పారిశుద్ధ్య కార్మికులు ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ ఆ యంత్రంలో నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12 నించి దాదాపు 1300 మంది కార్మికులు పని ఆపేశారు. వాళ్లు మెడలో వేసుకున్న, చేత్తో పట్టుకున్న అట్టల మీద లావు నల్లక్షరాల్లో ఒకటే వాక్యం: నేను మనిషిని. 'అవును, ఉన్నాను' అని నొక్కే క్రియాపదం కింద గీత. ఆ అట్టల్ని మేం ఇక్కడ స్లాబు కోవలో వేయటం లేదు. గీత లావు గురించి, గొంతు గురించి మాట్లాడుతున్నాం. వేలం కాగితంలో 'వాడు', బోస్టన్ కాగితంలో 'మీరు', మెంఫిస్ అట్ట మీద 'నేను'. మన వ్యాకరణంలో 'నేను'కి ఉత్తమ పురుష అని పేరు. పాకీపని చేసే మనిషికి ఆ పురుష దక్కటానికి ఎంత కాలం పట్టిందో ఆ అట్ట చెప్తుంది. మన మురికిగుంటల్లో దిగి ఊపిరాడక చచ్చిపోయే మనిషి పేరు వార్తల్లో ఇప్పటికీ 'కార్మికుడు మృతి' దగ్గరే ఆగుతున్నది.

ఆ అట్టల్లోని అక్షరాల్ని ఆధారం చేసుకుని ట్రే సీల్స్ అనే నల్ల డిజైనర్ 'మార్టిన్' అనే అక్షరాన్ని చేశాడు. ఇంకోవైపు ఏమోస్ కెనెడీ ఉన్నాడు. పెద్ద కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, దాదాపు నలభై ఏళ్ల వయసులో ఒక పాతకాలపు ప్రదర్శనశాలలో అచ్చు యంత్రం నడుస్తుంటే చూసి, ఉద్యోగం వదిలి అచ్చుపని పట్టుకున్నాడు. పాత చెక్క అక్షరాలతో చవక అట్టల మీద రంగు మీద రంగు పులిమి నల్లవాళ్ల సామెతలు, పోరాటకారుల మాటలు అచ్చువేస్తాడు, తక్కువ ధరకి అమ్ముతాడు. ఆయన మీద 2008లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. ఆయన అక్షరాలూ 'వింటేజ్'వే, సర్కస్‌లకీ అమ్మకాలకీ వాడిన జాతివే. కానీ ఆయన పోస్టర్లో బెంగ ఉండదు. ఆ చెక్కమొక్క మీద ఉన్న గీతలూ పగుళ్లూ దాచడు, వాటిని అందంగానూ అమ్మడు. ఇదీ మేం వెతుకుతున్న మలుపు. ఆ చేతిలో పాత అక్షరం అలంకారం కాలేదు, సాక్ష్యం అయింది.

మన సంగతి

తెలుగు అక్షరానికి ఇంగ్లీషు పాదాలు లేవు. దానికి తలకట్టు ఉంది, కింద వత్తు ఉంది, నడుమంతా వంపులు. ఇంగ్లీషులో లావు చేసినట్టు లావు చేస్తే 'ఘ', 'ఝ', 'క్ష' లాంటి వాటి లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. వత్తు కింది వరసకి తగులుతుంది. కాబట్టి క్లారెండన్‌ని తెలుగులోకి 'దించటం' అంటే పాదాలు అతికించటం కాదు. అరువు తెచ్చుకున్న బూట్లు అక్షరానికి సరిపోవు. మన లావు గోడ మీద పుట్టింది. చదునైన కుంచెతో, సున్నం మీద నీలిరంగుతో, ఊరేగింపు ముందు రాత్రి మా పిల్లలు రాసిన అక్షరాల్లో ఉంది. అంబేద్కర్ విగ్రహం దిమ్మె మీద ఊరివాళ్లు చందాలేసుకుని రాయించిన పేరులో ఉంది. వీటిని ఎవరూ నమూనా పుస్తకాల్లో ఎక్కించలేదు.

కంప్యూటర్‌కి తెలుగు లావక్షరాలు ఈ శతాబ్దంలో బాగానే వచ్చినాయి. 2010ల తొలి ఏళ్లలో సిలికానాంధ్ర పూనుకుని చాలా ఖతుల్ని ఉచితంగా ఇచ్చింది, అది మంచి పని. వాటి పేర్లు చూడండి: శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, సూరన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, రామభద్ర. భువనవిజయం మొత్తం కంప్యూటర్లో కొలువుతీరింది. ఆధునికుల్లో గిడుగు, గురజాడ ఉన్నారు. ఆ వరసలో జాషువా లేడు. 1931లో హైదరాబాద్‌లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టిన భాగ్యరెడ్డివర్మ లేడు. 'రామభద్ర' మాత్రం మంచి లావక్షరం. మా కరపత్రాల శీర్షికలకి మేం అదే వాడతాం. రాయల కొలువులోని కవి పేరున్న అక్షరంతో మా చనిపోయినవాళ్ల పేర్లు రాస్తున్నాం. ఫిర్యాదు చేయటానికి చెప్పటం లేదు. ఎక్కడ ఉన్నామో చెప్తున్నాం. గోడ మీది మా అక్షరాన్ని ఖతిగా చేసే పని మన పరిశోధకులూ మన కంప్యూటర్ పిల్లలూ కలిసి చేయాల్సి ఉంది. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పాత ఊరేగింపుల ఫోటోలు, మిగిలిన బ్యానర్లు, రంగు వెలిసిన గోడలు పోగుచేయటంతో మొదలుపెట్టొచ్చు.

ఇక మొదట చెప్పిన పోస్టర్ సంగతి. ఆ రోజు చాలాసేపు వాదించుకున్నాం. అక్షరం మార్చేద్దామన్నారు కొందరు. మేం వద్దన్నాం. అది దూరాన్నించి కనపడుతుంది, చవక కాగితం మీద చెదరదు, మనిషిని ఆపుతుంది. మనకి కావలసిందీ అదే. గోధుమరంగు తీసేశాం. చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లు, తేదీలు శీర్షిక కంటే పెద్ద అక్షరాల్లో పెట్టాం. ఎవరి ఇంటిపేరూ తప్పు పోకుండా వాళ్ల బంధువులకి ఫోన్ చేసి కనుక్కున్నాం. కాలిన అంచుల దగ్గర మాత్రం ఎవరూ వాదించలేదు. ఆ నమూనాని బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూచున్నాం. ఇళ్లు తగలబెట్టారని చెప్పటానికి పెట్టుకున్న సభకి, మంటని అంచు డిజైన్‌గా వేసుకున్నామని అప్పుడు అందరికీ తెలిసింది. ఆ మిత్రుడే లేచి అది తుడిపేశాడు.